అవ్వ గొంతు అదిరిన చోటు

వెంకటమ్మాళ్ శవం ఇల్లు దాటిన రోజే హార్డ్ డిస్క్ పోయింది.

కోయంబత్తూరులో పాత నాయుళ్ల వీధి. వెంకటమ్మాళ్ మనవరాలు నివేదిత ముందు గదిలో గిటారు వాయిస్తుంది. ఆమె బ్యాండ్ చేస్తున్న కొత్త రాక్ పాటకు అవ్వ గొంతే ప్రాణం. ఆ గొంతు పూర్తిగా ఉన్నది ఆ డిస్క్‌లోనే. రికార్డు చేసిన వారానికే అవ్వ పోయింది.

నివేదిత తన డ్రమ్మర్ నరేన్ మీద కంప్లైంట్ ఇచ్చింది. చెన్నై మ్యూజిక్ కంపెనీ ఒకటి ఆ పాట కొంటామని అడిగిన సంగతి అతను దాచాడు.

మర్నాడు సబ్ ఇన్‌స్పెక్టర్ అభిరామి వచ్చింది. ఆమెదీ తెలుగు ఇల్లే. మదురై వైపు.

"డిస్క్ ఎక్కడ పెట్టినావు?"

"నేల మీద, మేడం. ఆంప్లిఫయర్ పక్కన."

"కడసారి ఎప్పుడు చూసినావు?"

"నిన్న పొద్దున. అవ్వ శవం పక్కన అందరికీ ఆ పాట పెట్టినా. శ్మశానం నుంచి వచ్చి చూస్తే లేదు."

"అందరూ విన్నారా?"

"ఆమా, విన్నారు. ముసలోళ్లు ఏడుపే నిలిపేసినారు."

అభిరామి తలెత్తి చూసింది.

నరేన్ గోడకు ఆనుకుని ఉన్నాడు.

"నువ్వు తీసినావా?"

"సత్తియంగా లేదు మేడం. అవ్వ పాడె మోసినోణ్ణి."

"పాడె మోసినోడే నా పాట అమ్మజూసినాడు," అంది నివేదిత.

"నేను అమ్మలేదు. వాళ్లు అడిగినారు, అంతే. నీ కోపం చల్లారినాక చెప్దామనుకున్నా. అది ఎప్పుడు చల్లారింది గనక?"

వెంకటమ్మాళ్ కూతురు, నివేదిత తల్లి పంకజవల్లి, పక్కింటివాళ్లు పంపిన కాఫీ తెచ్చి అభిరామి ముందు పెట్టింది.

"తాగు సామీ. ఒక డబ్బాకు ఇంత రచ్చా? ఊరంతా వచ్చి పోయినారు. శవం లేచే ముందే ఎవరో ఎత్తుకుపోయుంటారు."

అభిరామి మోకాళ్ల మీద కూర్చుంది. సిమెంటు నేల. గదంతా పలుచటి పసుపు మరక. ఆంప్లిఫయర్ పక్కన అరచేయంత చోటు మాత్రం తెల్లగా ఉంది.

"శవం పోగానే ఇల్లు కడిగినారా అక్కా?"

"కడగకుండా ఎట్ల? పసుపు నీళ్లు పోసి మొత్తం కడిగినాం. పక్కింటోళ్లు కూడా వచ్చినారు."

అభిరామి నరేన్ వైపు తిరిగింది. "పాటలో ఏమన్నా మిగిలి ఉందా?"

అతని ఫోన్‌లో అర నిమిషం ముక్క ఉంది. వినిపించాడు.

"ఆరిరారో... పెద్ద చిలక గూటికొచ్చె... అమ్మ ఏదని అడిగెనమ్మా..."

పదాల వెనక దబ్, దబ్ అని మెత్తటి చప్పుడు.

"ఇది ఏం పాట?"

"జోలపాట," అంది నివేదిత. "అవ్వ తొడ తట్టుకుంటా పాడింది. ఆ దెబ్బ మీదనే నరేన్ డ్రమ్స్ కట్టినాడు. గొంతు అదిరే చోట నేను గిటారు అదిరించినా."

"ఎదురుగా కూర్చుని చూసినావా?"

"లేదు. ఎవరన్నా ఉంటే పాడనన్నది. మైకు పెట్టి బయటికి వచ్చేసినా."

"తొడ తడితే గొంతు అదరదమ్మా. ఇంకోసారి విను. దెబ్బ పడినప్పుడల్లా అదురుతుండాది. ఆమె తన రొమ్ము మీద కొట్టుకుంటుండాది."

నరేన్ ఆ ముక్క మళ్లీ పెట్టాడు.

"ఇది ఒప్పారి. చచ్చినోళ్ల కోసం ఏడ్చే పాట. ఇదీ ఆరిరారో అనే మొదలవుతుంది. ఇంటోళ్లు చేసిన తప్పు ఆడది నలుగురిలో చెప్పుకునేది ఇందులోనే. అందుకే ముసలోళ్లు ఏడుపు ఆపినారు. తరువాతి లైను ఏంది?"

"చిన్న చిలక గడియ వేసె," అంది నివేదిత.

అభిరామి తెల్లటి చోటు చూపించింది.

"నేల కడిగేటప్పుడు డిస్క్ ఇక్కడే ఉంది. పసుపు దాని చుట్టూ ఆగింది. అంటే తీసింది శవం లేచినాక. అప్పుడు నరేన్, నివేదిత ఇద్దరూ శ్మశానంలో ఉండారు. పక్కింటోళ్లకు ఆ డబ్బా ఏందో తెలియదు. మిగిలింది మీరే అక్కా. పెద్ద చిలక ఎవరు?"

పంకజవల్లి కాఫీ గ్లాసులు ఒక్కొక్కటే పళ్లెంలోకి తీసింది.

"మాలిని. మా అక్క. వేరే కులపోడితో తిరుప్పూరుకు పోయింది. మా నాయన చచ్చినోళ్లకు చేసినట్టు తల మునిగేసి, కూతురే లేదన్నాడు. ఒకనాడు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. అమ్మకియ్యి అన్నది. ఇంట్లో నా పెండ్లి మాటలు నడుస్తుండాయి. రాంగ్ నంబరని పెట్టేసినా."

"తరువాత?"

"అక్కడే ప్రాణం పోయింది. అమ్మకు చెప్పలే."

"మరి అవ్వకెట్ల తెలిసింది?" అడిగింది నివేదిత.

"పోయిన నెల నేనే చెప్పినా. దాచలేక. ఒక్క మాట అనలేదు. తిట్టుంటే బాగుండేది. నా చేత్తోనే అన్నం తినింది. నీ మైకులో పాడింది."

"డిస్క్ ఎక్కడమ్మా?"

"బావిలో."

నివేదిత తల్లి వైపు చూసింది. తరువాత నరేన్ వైపు తిరిగింది. క్షమించమన్నట్టు చేయి చాపింది. అతను ఫోన్‌ను ఆమె చేతిలో పెట్టాడు.

నివేదిత కంప్లైంట్ వాపసు తీసుకుంది. బావిలోంచి తీసిన డిస్క్ పనిచేయలేదు. అర నిమిషం దగ్గర పాట ఆగిపోయి ఉంది.

వెంకటమ్మాళ్‌కు పదహారో రోజు కర్మ జరిగింది. మాలినికి ఇంకా చేయలేదు.