ఆ రోజు ఉత్తరానికి ఆ రోజే జవాబు

"మీ మిషను కాస్త మెల్లగా కొట్టకూడదా? నేను చెప్పేది నాకే వినపడటం లేదు!"

"మీరు కాస్త త్వరగా ఆలోచించకూడదా? వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి!"

సెక్రటరీకీ, కొత్త టైపిస్టుకీ మొదటి రోజు జరిగిన పలకరింపు ఇది. రెండో రోజు ఇంకాస్త పెరిగింది. వానాకాలం వచ్చేసరికి మాత్రం, ఆ మిషను చప్పుడు వినపడని ఆదివారం గడవడం సెక్రటరీకి కష్టమైపోయింది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఆమెకైతే అసలే చెప్పలేదు.

ఇద్దరికీ పని ఇచ్చిన పెద్దాయన మబ్బుల గురించి పరిశోధించిన గొప్ప శాస్త్రవేత్త. రేడియోలో ఆయన వాన గురించి మాట్లాడితే జనం పనులు ఆపుకుని వినేవారు. విని ఊరుకుంటారా? ఉత్తరాలు రాసేవారు. రోజూ గోతాం నిండా వచ్చేవి. మా అమ్మాయి పెళ్లినాడు వాన పడుతుందా అని ఒకరు. మబ్బు మీద కూర్చుంటే కింద పడతామా అని ఒక చిన్నపిల్ల. మీ సిద్ధాంతం తప్పు, రుజువు నా దగ్గరుంది అని ప్రతి సోమవారం ఒక రిటైరైన ఇంజినీరు.

పెద్దాయనది ఒకటే నియమం. "ఉత్తరం బల్ల మీద నిద్రపోకూడదోయ్! ఆ రోజుదానికి ఆ రోజే జవాబు వెళ్లాలి" అనేవారు. పొద్దున్నే ఉత్తరాలు చదివించుకుని, దేనికి ఏం రాయాలో రెండు ముక్కల్లో చెప్పేసి ల్యాబులో దూరేవారు. ఆ రెండు ముక్కల్నీ సెక్రటరీ పెంచి, మర్యాదలు అద్ది నోటితో చెబుతుంటే, టైపిస్టు నేరుగా మిషను మీద కొట్టేసేది. సాయంత్రం తపాలా బండి వచ్చే వేళకి పెద్దాయన సంతకాలు పెట్టేవారు. ఒక్కటీ చదివేవారు కాదు. చదవడానికి కళ్లజోడేది? అదెప్పుడూ ల్యాబులోనే ఉండిపోయేది.

సెక్రటరీ వింత మనిషి. డిక్టేషన్ చెబుతున్నంతసేపూ మాటలు వరదలా వస్తాయి. "ఇట్లు" అన్నాడా, ఇక నోట్లో వేలు పెట్టినా కొరకలేడు. "మా తమ్ముడికి పెళ్లి కావాలంటే పిల్లే ముందు ఉత్తరం రాయాలి, వీడు జవాబివ్వాలి" అని వాళ్లక్క నలుగురిలో నవ్వేది.

ఒక రోజు పొద్దున టైపిస్టు గొడుగు దులుపుకుంటూ వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే చెప్పింది.

"సెక్రటరీగారూ, ఈ శనివారంతో నా పని ఆఖరు. బ్యాంకులో పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. వేరే ఊళ్లో."

అతను చేతిలోని ఉత్తరాలు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. పైకి మాత్రం "శుభం" అన్నాడు.

"అంతేనా?"

"అంటే... కొత్త టైపిస్టుని వెతకాలి కదా."

"వెతుక్కోండి. మెల్లగా కొట్టేవాళ్లు దొరుకుతారు లెండి." మిషనులోకి కాగితం విసురుగా ఎక్కించింది. "చెప్పండి, మొదటి ఉత్తరం."

మొదటి ఉత్తరం ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడది. బడిలో టీచరుగా చేసి రిటైరయ్యారు. 'వాన రాకముందే మావారు వాసన పట్టి, ఆరేసిన బట్టలు తీసేయమని కేకేసేవారు. నాకూ తెలిసేది. ఆయన పోయాక ఆ వాసన నాకు రావడం మానేసింది. ఇది నా ముక్కు లోపమా, మనసు లోపమా?' అని అడిగారు.

సెక్రటరీ కిటికీ దగ్గరికి వెళ్లి మొదలుపెట్టాడు.

"గౌరవనీయులైన టీచరుగారికి. ఎండిన మట్టి మీద చినుకు పడితే వాసన లేస్తుంది, కామా, దూరాన కురిసిన వాన వాసనని గాలి ముందే మోసుకొస్తుంది, ఫుల్‌స్టాప్. మీ ముక్కుకేమీ కాలేదు. మనిషి పక్కన ఉన్నప్పుడు తెలిసేవి కొన్ని, ఆ మనిషి వెళ్లిపోతే తెలియవు..."

అక్కడ ఆగవలసినవాడు ఆగలేదు. మాటలు వాటంతటవే వచ్చేస్తున్నాయి.

"నా సంగతే చూడండి. మీరు గొడుగు దులుపుకుంటూ ఆ తలుపు తోసుకొస్తేనే నాకు తెల్లవారుతుంది. మీరు వెళ్లిపోయాక ఈ గదిలో ఎన్ని మిషన్లు మోగినా నాకేం వినపడదు. వెళ్లొద్దని అడిగే హక్కు నాకు లేదు. మీరంటే నాకు చాలా ఇష్టమని చెప్పకుండా మాత్రం ఉండలేను."

మిషను చప్పుడు ఆగింది. టైపిస్టు తల తిప్పి అతనికేసి చూసింది.

"తర్వాత?"

సెక్రటరీ గబుక్కున కిటికీ వైపు తిరిగాడు.

"ఇట్లు," అన్నాడు. "తమ విధేయుడు."

ఆ రెండు మాటల్నీ ఆమె కాగితం చిరిగేలా కొట్టింది. ఆ కాగితం తీసేద్దామని సాయంత్రం అతను సంతకాల దొంతరలో చెయ్యి పెట్టేసరికి పెద్దాయన వచ్చేశారు. చకచకా సంతకాలు పెట్టారు. టైపిస్టు కవర్లు అంటించింది. సెక్రటరీ తేలు కుట్టిన దొంగలా నిలబడి, తపాలా బండి వెళ్లిపోవడం చూశాడు.

శనివారం ఎండ ఫెళఫెళలాడుతోంది. టైపిస్టు సొరుగు ఖాళీ చేసుకుంటుంటే, ఒక పెద్దావిడ మడిచిన గొడుగుతో లోపలికొచ్చారు. అదే వేళకి పెద్దాయన ల్యాబులోంచి బయటికొచ్చారు.

"నేను టీచరునండీ. ఈ ఉత్తరం రాసింది మీరేనా?"

"నా సంతకమేగా అమ్మా. నేనే."

"అయితే ఒక్కసారి చదవండి."

"కళ్లజోడు లేదు. అమ్మాయ్, నువ్వు చదువు."

టైపిస్టు చదివింది. మట్టి వాసన దాకా బాగానే సాగింది. గొడుగు దగ్గరికొచ్చేసరికి చదవడం మెల్లబడింది. 'చాలా ఇష్టం' అన్నచోట చెవులదాకా ఎర్రబడింది.

పెద్దాయన నిర్ఘాంతపోయారు. "నేనా? ఈవిడకా?"

"కంగారుపడకండి, నాక్కాదని తెలుస్తూనే ఉంది" అన్నారు టీచరుగారు. "చదివి ఏడ్చాను బాబూ. ఎవరో పాపం ఎవరితోనో చెప్పుకున్నారు. చేరవలసినవాళ్లకి చేరిందో లేదో కనుక్కుందామని వచ్చాను."

"సార్, తప్పు నాది" అన్నాడు సెక్రటరీ, నేల చూస్తూ. "మీ పేరు మీద పంపాను. ఉద్యోగం మానేస్తాను. ఈవిడ తప్పేం లేదు, నేను చెప్పింది కొట్టారు."

"ఆగండాగండి!" టైపిస్టు సొరుగు దడాలున మూసింది. "నా తప్పూ ఉంది సార్. అదంతా నాకేనని తెలిసే కొట్టాను. 'ఇది మీకే' అంటారేమోనని తల తిప్పి మరీ అడిగాను. ఈయనేమన్నారో తెలుసా? 'ఇట్లు తమ విధేయుడు' అన్నారు! ఒళ్లు మండి కవర్లో పెట్టేశాను."

టీచరుగారు నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డారు. పెద్దాయనకి కోపపడాలో నవ్వాలో తెలియలేదు.

"సరే అమ్మాయ్, ఉత్తరం నీకు చేరింది. మన నియమం తెలుసుగా. జవాబేది?"

"నోటితో అడిగితేనే ఇస్తాను. కామాలు లేకుండా."

సెక్రటరీ ఒకడుగు ముందుకేశాడు. "మీరు... అంటే నేను... వాన..."

"మధ్యలో వానెందుకండీ?"

"నన్ను పెళ్లి చేసుకుంటారా?"

అనేశాడు. అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు.

"బ్యాంకు ఉద్యోగంలో మాత్రం చేరతాను" అంది ఆమె.

"చేరండి."

"రోజూ ఉత్తరం రాయాలి."

"ఆ రోజుదానికి ఆ రోజే."

"అయితే సరే" అంది. అని, అతన్ని తన కుర్చీలో కూర్చోబెట్టింది. "ఈసారి నేను చెబుతాను, మీరు కొట్టండి. మా నాన్నకి. నాన్నా, అబ్బాయి మంచివాడు, కామా, నోరు లేదు, కామా, నాకు నచ్చాడు, ఫుల్‌స్టాప్."

అతను ఒంటివేలితో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాడు. "త్వరగా! వేళ్లు తిమ్మిరెక్కాయా?" అని ఆమె వెనక నిలబడి వేళాకోళం చేసింది. పెద్దరికం కోసం కింద సంతకం పెట్టమని కాగితం పెద్దాయనకిచ్చారు. ఆయన కలం తీసి, ఆగి, ల్యాబులోకి వెళ్లి కళ్లజోడు తెచ్చుకున్నారు. మొదటి ముక్క నుంచి చివరిదాకా చదివారు. 'కుర్రాడు నా ఇంటి పిల్లవాడు. హామీ నాది' అని సొంత చేత్తో రాసి, అప్పుడు సంతకం పెట్టారు.

ఎండ ఎప్పుడు పోయిందో ఎవరూ చూసుకోలేదు. టీచరుగారు కిటికీ దగ్గరికెళ్లి ఒక్కసారి గట్టిగా గాలి పీల్చారు. కళ్లు తుడుచుకున్నారు.

"అమ్మాయ్, బయట బట్టలేమన్నా ఆరేశారా?" అన్నారు. "తీసేయండి. వానొస్తోంది."