మెట్ల మీద గిన్నె

పొద్దున్నే సముద్రం మీంచి లేచిన మంచు కొండవాలు ఇళ్ళ కిటికీల దాకా వచ్చి ఆగింది. కింద బుసాన్ రేవులో ఏదో ఓడ కూత వేసింది. ఓక్‌బున్ వంటింటి నేల మీద పాత పేపర్లు పరిచి, కరెంటు పెనం పెట్టి, నూనె వేడెక్కుతుండగా తల ఎత్తి గాలి పీల్చింది.

మళ్ళీ అదే వాసన. బాగా మగ్గిన పీచ్ పండు వాసన.

ఇంట్లో పీచ్ పండ్లు లేవు. ఈ రోజు ఉండకూడదు కూడా. ఇవాళ ఆమె భర్త తేసిక్ తద్దినం. పీచ్ పండు ఉన్న ఇంట్లోకి పోయినవాళ్ళు అడుగు పెట్టలేరు. అందుకే తద్దినం వంటలో కారం, వెల్లుల్లి వెయ్యనట్టే ఆ పండును గడప కూడా దాటనివ్వరు. బతికినన్నాళ్ళూ ఆయనకు ప్రాణం ఆ పండంటేనే. వేసవి రాగానే చేతులు మోచేతుల దాకా తడుపుకుంటూ తినేవాడు. ఇప్పుడు ఈ వాసన ఎక్కడిదో? ఆయనే గుమ్మం బయట తచ్చాడుతున్నాడేమోనని ఆమెకు ఒళ్ళు జలదరించింది. భయంతో మాత్రం కాదు.

"హేవన్ వాళ్ళమ్మా! తలుపు తియ్యి, చేతులు ఖాళీ లేవు!" అంటూ కింది అంతస్తు పిల్నామ్ కేక వేసింది. వెనకే మల్సుక్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. ఏటా ఈ రోజున ఓక్‌బున్‌కు వేపుళ్ళలో సాయం వచ్చేది వాళ్ళిద్దరే. కూతురు హేవన్ మందుల షాపులో పని చేస్తుంది, సాయంత్రానికి గానీ రాదు.

ముగ్గురూ పెనం చుట్టూ కూర్చున్నారు. మల్సుక్ చేప ముక్కలకు పిండి అద్దుతోంది, పిల్నామ్ గుడ్డుసొనలో ముంచి వేస్తోంది, ఓక్‌బున్ తిరగేస్తోంది.

"వాసన వస్తోందా అక్కా? పీచ్ పండు వాసన," అంది ఓక్‌బున్ నెమ్మదిగా.

పిల్నామ్ ముక్కు ఎగబీల్చింది. "నాకు నూనె వాసన తప్ప ఏమీ రావట్లేదు. నీకు పొద్దుటి నుంచీ తిండి లేక ముక్కు పిచ్చెక్కింది. ఇదిగో, ఈ విరిగిన ముక్క తిను. విరిగింది తద్దినానికి పనికిరాదులే."

"నువ్వే విరగ్గొట్టి నువ్వే తింటున్నావక్కా పొద్దుటి నుంచీ," అంది మల్సుక్.

"పనిచేసే ఎద్దుకి గడ్డి పెట్టరా ఏంటి?" పిల్నామ్ నోట్లో ముక్క వేసుకుని ఊదుకుంది. "గురువారం స్టేషన్ దగ్గర ఐసు వేసిన చల్లటి నూడుల్స్ తినడానికి వెళ్తున్నాం, మర్చిపోయారా? అప్పటి హోటలే. పెద్దాయన పోయాడు, కొడుకు నడుపుతున్నాడు."

"ముందు ఇత్తడి కెటిల్‌లో వేడి చారు ఇచ్చేవాళ్ళు కదూ," అంది మల్సుక్. "పెళ్ళైన కొత్తలో మా ఆయనతో దెబ్బలాడి వచ్చి, ఆ చారే నాలుగు గ్లాసులు తాగి లేచి వెళ్ళిపోయా. డబ్బులు అడగలేదు పాపం పెద్దాయన."

"ఇత్తడి ఎక్కడిదే? సొట్టలు పడిన సత్తు కెటిల్. నేను చూశా."

"ఇత్తడే!"

"నీ మొహం. ఇత్తడైతే మా ఆయన జేబులో పెట్టుకుని తెచ్చేవాడు. ఒక పెద్ద గిన్నె చెప్పి ఇద్దరం తిందామనేవాడు. నేను కళ్ళు మూసి తెరిచేలోగా నా వైపు కూడా ఊడ్చేసేవాడు." పిల్నామ్ ఓక్‌బున్ వైపు తిరిగింది. "అదృష్టం అంటే నీదే. పెళ్ళిచూపులకి ఆ హోటల్‌కే తీసుకెళ్ళాడు తేసిక్. కత్తెర తీసుకుని నీ గిన్నెలో నూడుల్స్ తనే కత్తిరించాడట కదా, చుట్టూ జనం నవ్వుతున్నా!"

ఓక్‌బున్ పెనం మీంచి చూపు తిప్పలేదు. "తన గిన్నెలో గుడ్డు సగం ఉంటుంది చూడు, అది తీసి నా గిన్నెలో పెట్టాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా అంతే. పోయాక నేనొక్కదాన్నే వెళ్ళా ఒకసారి. గిన్నెలో గుడ్డు ఒక్క సగమే ఉంది. ముద్ద దిగలేదు."

మల్సుక్ మాట మార్చాలని, "నూడుల్స్ అంటే గుర్తొచ్చింది, మన మెట్ల మీద గిన్నె పెట్టేది ఎవరో తెలిసిందా అక్కా?" అంది.

"ఎక్కడ! ఏటా ఈ రోజుల్లోనే ఎవరో పిల్లులకి పెడతారు. పోయినేడు చల్లటి నూడుల్స్, అంతకు ముందు కూడా అవే. పక్కన చాప్‌స్టిక్స్ కూడానూ! పిల్లికి చాప్‌స్టిక్స్ ఎందుకే?" పిల్నామ్ తన జోకుకి తనే నవ్వింది. "పైగా వాటి టెక్కు చూడాలి. అంతా నాకేసి గుడ్డు ముక్క మాత్రం ముట్టకుండా వదిలేస్తాయి."

మల్సుక్ నవ్వింది. ఓక్‌బున్ నవ్వలేదు. వేపుళ్ళు అయిపోయాక వరండాలోకి వెళ్ళి, కిమ్చీ పెట్టుకునే నల్ల జాడీని రెండు చేతులా మోసుకొచ్చి మల్సుక్ ముందు పెట్టింది.

"ఇది నువ్వు తీసుకెళ్ళు. అక్కా, బీరువాలో ఉన్న దూది దుప్పటి నీకు."

"దుప్పటి నాకెందుకు? నువ్వెక్కడికి పోతున్నావే?" అంది పిల్నామ్.

ఓక్‌బున్ జాడీ మూత తుడిచి బిగించింది. పిల్నామ్ ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

ఎక్కడికో ఓక్‌బున్‌కు తెలుసు. మొదటి తద్దినం నాడు, వడ్డన చేసి, పోయినాయన ఒంటరిగా తినాలని అందరూ గది బయటికి వెళ్ళాక, ఆమె తలుపు సందులోంచి చూసింది. అన్నంలో గుచ్చిన చెంచా ఆమె వైపు ఒరిగింది. ఆయన వచ్చాడు. ఆమె తలుపుకు నుదురు ఆనించి గుసగుసగా చెప్పుకుంది, "వచ్చే ఏడు ఒంటరిగా వెళ్ళకండి. నన్నూ తీసుకుపోండి" అని. తర్వాతి ఏడు చెంచా కదల్లేదు. ఆపై ఏడూ అంతే. దీపం కూడా చలించలేదు. ఇల్లు నీళ్ళు ఎండిన బావిలా ఉంది. కోపం వచ్చిందా? దారి మర్చిపోయాడా? ఈ ఏడు మాత్రం వాసన వస్తోంది. ఈ ఏడు వస్తాడు.

మల్సుక్ జాడీ ఎత్తుకుని గుమ్మం దగ్గరికి నడిచింది. ఒక చేత్తో జాడీ పట్టుకుని, రెండో చేత్తో చెప్పుల అల్మారాలో తడిమింది. చెప్పులకు బదులు ఒక కాగితం పొట్లం జారి కిందపడింది. కాగితం విడిపోయి పీచ్ పండు దొర్లుకుంటూ వచ్చి ఓక్‌బున్ పాదం దగ్గర ఆగింది. ఒక పక్క మగ్గి నల్లబడింది.

దాని అర్థం ఆ ముగ్గురిలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

"కూరల సంచీలో పడి పొరపాటున వచ్చి ఉంటుందిలే," అని గొణిగింది పిల్నామ్.

"చెప్పుల అల్మారాలోకా అక్కా?" అంది ఓక్‌బున్. "మీరు వెళ్ళండి."

వాళ్ళు వెళ్ళిపోయారు. ఓక్‌బున్ పండును నేల మీద తన ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. బయట మంచు ఇంకా వీడలేదు. మెట్ల మీద ఎవరి అడుగు చప్పుడు వినిపించినా గుమ్మం వైపు చూసేది. ఇన్నేళ్ళూ ఆయన ఇలాగే వచ్చి ఉంటాడు. గుమ్మం దాకా వచ్చి, చెయ్యి చాచి, లోపలికి రాలేక నిలబడి ఉంటాడు. లోపల తను ఆయన్ని తిట్టుకుంటూ కూర్చుని ఉంది.

సాయంత్రం హేవన్ వచ్చింది. చేతిలో స్టేషన్ దగ్గరి హోటల్ సంచీ ఉంది. "కారం ముద్ద వెయ్యొద్దని చెప్పి కట్టించానమ్మా, ఐసు కరిగేలోపు..." అంటూ చెప్పులు విప్పబోయి ఆగిపోయింది. నేల మీద పండు కనిపించింది.

"నువ్వేనా?"

హేవన్ తల వంచుకుంది.

"మీ నాన్నకు గుమ్మం మూశావా? కన్న తండ్రికి! ఒక చేత్తో ఆయనకిష్టమైన తిండి తెస్తూ, ఇంకో చేత్తో దయ్యాన్ని తరిమినట్టు తరిమావా? ఏం పాపం చేశాడే ఆయన నీకు?"

"ఆయనేం చెయ్యలేదు."

"మరి ఎందుకు?"

"నువ్వు చేశావు!" హేవన్ గొంతు ఒక్కసారిగా లేచింది. "మొదటి తద్దినం నాడు తలుపు దగ్గర నువ్వు ఆయనతో ఏమన్నావో నేను నీ వెనకే నిలబడి విన్నా. తీసుకుపొమ్మన్నావు. నేను నీ వెనకే ఉన్నానమ్మా! నీ బట్టలు నా చేతికి తగిలేంత దగ్గర. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు నువ్వు."

ఓక్‌బున్ నేల మీంచి లేచి కూతురి వైపు ఒక అడుగు వేసింది.

"నువ్వు అడిగితే నాన్న కాదంటాడా? ఎప్పుడన్నా కాదన్నాడా? వస్తాడు, తీసుకుపోతాడు. నేను షాపు నుంచి వచ్చేసరికి ఇల్లు చీకటిగా ఉంటుంది. నాకింకేం దారి కనపడలేదు. పండు కొని దాచా." హేవన్ గుమ్మంలోనే కూలబడింది. "నాన్నకు అన్యాయం చేస్తున్నానని నాకు తెలీదా? అందుకే నువ్వు పడుకున్నాక ఆయన గిన్నె తీసుకెళ్ళి మెట్ల మీద పెట్టి, పక్కన కూర్చునేదాన్ని. ఇంట్లోకి రావద్దు నాన్నా, ఇక్కడే తినెళ్ళు, అమ్మని మాత్రం నాకు వదిలెయ్యి అని చెప్పుకునేదాన్ని."

సంచీలోంచి ఐసు నీళ్ళు బొట్లు బొట్లుగా నేల మీదికి కారుతున్నాయి. ఓక్‌బున్‌కు పొద్దుటి నవ్వులు చెవిలో తిరిగాయి.

"ఆ గిన్నె నీదా?" అంది. "చాప్‌స్టిక్స్ కూడా నువ్వేనా?"

"మరి చేత్తో తింటాడా?"

"గుడ్డు ముక్క..."

"పొద్దున్నే చూస్తే అదొక్కటే ఉండేది." హేవన్ తల్లి కళ్ళలోకి చూసింది. "రెండేళ్ళూ."

ఓక్‌బున్ చెయ్యి చాచి కూతురి జుట్టు చెవి వెనక్కి సర్దింది. ఆ జుట్టులో రెండు తెల్ల వెంట్రుకలు ఉన్నాయి. ఎప్పుడు వచ్చాయో తను చూడలేదు. ఈ మూడేళ్ళూ తను చూసింది దీపాన్నీ, చెంచానీ, మూసిన తలుపునీ. రాత్రిపూట మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న పిల్లని చూడలేదు.

"లే," అంది. "నూడుల్స్ ముద్దయిపోతాయి. మీ నాన్నకు ముద్దైనవి పెడితే అప్పట్లో హోటల్ పెద్దాయనతో పడ్డట్టు మనతోనూ గొడవ పడతాడు."

"పండు...?"

ఓక్‌బున్ పండును తీసుకెళ్ళి, మెట్ల మలుపులో, గిన్నె పెట్టే చోట ఉంచి వచ్చింది. వీధి తలుపు బార్లా తెరిచింది. మంచు ఒక చల్లటి ఊపిరిలా లోపలికి వచ్చింది.

తద్దినానికి నిలబెట్టే మడత తెర ముందు బల్ల మీద చేపలు, గుమ్మడి బిళ్ళలు, పళ్ళు సర్దారు. మధ్యలో చల్లటి నూడుల్స్ గిన్నె, దాని మీద సగం గుడ్డు. హేవన్ మద్యం పోసి రెండుసార్లు సాగిలపడి మొక్కింది. ఓక్‌బున్ అన్నంలో చెంచా గుచ్చి, గది తలుపు మూసి, దానికి నుదురు ఆనించింది. ఈసారి పక్కనున్న కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమండీ," అంది, హేవన్‌కు వినపడేలా. "ఆకలి మీద ఉంటారు, తినండి. నేనన్న మాట మర్చిపోండి. బుద్ధి లేక అన్నా. నాకింకా ఇక్కడ పనుంది. మీరు వెళ్ళి రండి. ఏడాదికోసారి వచ్చిపోతే చాలు. నేను వచ్చేటప్పుడు నేనే వస్తా, పిలవకండి."

లోపల ఏదో చిన్నగా కదిలిన చప్పుడు అయింది. హేవన్ వేళ్ళు తల్లి చేతిలో బిగుసుకున్నాయి. తర్వాత, తలుపు తీస్తున్నట్టు లోపలున్నాయనకు తెలియాలని, ఓక్‌బున్ గొంతు సవరించుకుని మూడుసార్లు దగ్గి తలుపు తీసింది.

దీపం నిలకడగా వెలుగుతోంది. చెంచా కదల్లేదు. కానీ నూడుల్స్ మీదున్న సగం గుడ్డు జారి, గిన్నె ఇవతలి అంచుకి వచ్చి ఆగింది. ఓక్‌బున్ ఎప్పుడూ కూర్చునే వైపుకి.

"ఐసు కరిగి జారి ఉంటుంది," అంది హేవన్.

"అంతే అయ్యుంటుంది," అంది ఓక్‌బున్. ఆ ముక్కను చాప్‌స్టిక్స్‌తో తీసి, చెంచాతో రెండు చేసి, ఒకటి కూతురి నోట్లో పెట్టింది. రెండోది తను తింది. ఇన్నేళ్ళ తర్వాత దిగిన ముద్ద అది. నమలలేక నమలలేక, ఏడుస్తూ నమిలింది.

ఆయన్ని సాగనంపాక ఇద్దరూ మెట్ల మలుపు దాకా వెళ్ళారు. పండు అక్కడే ఉంది. మంచుకు తడిసి మెరుస్తోంది. ఓక్‌బున్ మగ్గిన వైపు చీల్చి పారేసి, మిగతాది కూతురికి ఇచ్చింది. హేవన్ అక్కడే మెట్టు మీద కూర్చుని, రసం మోచేతుల దాకా కారుతుంటే అచ్చం తండ్రిలా కొరుక్కు తింది.

ఓక్‌బున్ మెట్ల కమ్మీ మీంచి కిందికి వంగింది.

"అక్కా! పిల్నామక్కా!"

కింద తలుపు వెంటనే తెరుచుకుంది. అవతల చెవి ఆనించుకునే ఉన్నట్టుంది. "ఏమైందే? బాగానే ఉన్నావా?"

"గురువారం నేనూ వస్తున్నా. హేవన్ కూడా. ఆ కెటిల్ ఇత్తడిదో సత్తుదో తేలుద్దాం." ఆమె ఆగి, తడి చేతులు బట్టలకు తుడుచుకుంది. "ఇంకోటి. రేపు పొద్దున్నే మల్సుక్‌ని నా జాడీ తెచ్చి ఇచ్చెయ్యమను. చలికాలం వస్తే కిమ్చీ ఎందులో పెట్టుకోను?"

వెనక మెట్టు మీద హేవన్ నమలడం ఆపేసింది. పండు రసం కారుతున్న చేతుల్తోనే ముఖం కప్పుకుని, గట్టిగా, చిన్నపిల్లలా ఏడ్చింది.