లాక్ వాల్వ్ మార్చిన చేతులు

గొడుగుల రిపేరు షాపులోకి అడుగుపెట్టి, బల్లి తన గొడుగును కౌంటరు మీద పెట్టాడు.

"పుల్ల విరిగింది. ఇవాళే కావాలి."

"వాన వచ్చేలా లేదే," అన్నాడు గొడుగులు కుట్టేవాడు తలెత్తకుండా.

"ఎండకి వేసుకుంటా."

కోడ్ సరిపోయింది. వెనక తలుపు గొళ్ళెం తీసిన చప్పుడయింది.

బల్లి అసలు పేరుతో గూఢచారి డిపార్ట్‌మెంటుకు పనిలేదు. గోడకు అతుక్కుని ఎంతసేపైనా కదలకుండా ఉండగలడని ఆ పేరు పెట్టారు. చూసినవాళ్ళకు గుర్తుండని మొహం. మనిషి ఎదురుపడితే ముందు అనుమానించి, ఆ తరవాత నమస్కారం పెట్టే రకం. తన నీడ తనకంటే ముందు నడిచినా ఒకసారి ఆగి చూసుకుంటాడని తోటివాళ్ళు ఆటపట్టించేవారు.

వెనక గదిలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. డిపార్ట్‌మెంటుకు ఆయనే బాసు. టేబులు మీద ఒక ఫోటో: కాలవలో బోర్లాపడిన మనిషి.

"మన ఇన్‌ఫార్మర్. పొరుగు దేశపు ముఠాలో పాతుకుపోయినవాడు. నిన్న చంపేశారు. చావబోయే ముందు ఒక్క మెసేజ్ పంపాడు." పెద్దాయన గొంతు తగ్గించాడు. "కొత్త గన్‌లో లాక్ వాల్వ్ మారుతుంది. మార్చేది హెడ్ ఫిట్టర్."

 ఆ గన్ తయారయ్యే ఫ్యాక్టరీలో హెడ్ ఫిట్టర్ ఎవరో బల్లికి తెలుసు. ఆయన పెళ్ళిలో కాళ్ళు కడగడానికి నీళ్ళచెంబు పట్టుకున్నది తనే.

"సార్, ఆయన మా బావ."

"అందుకే నిన్ను పిలిచింది. ఉద్యోగం ఊడిన బావమరిదివి నువ్వు. మీ అక్క చెబితే ఆయన నిన్ను హెల్పరుగా చేర్చుకోక తప్పదు. ఇంతకంటే మంచి డిస్‌గైజ్ నేను కుట్టించలేను. ఆయన్ని కనిపెట్టి ఉండు."

"నిజమని తేలితే?"

"బేడీలు నువ్వే వేద్దువు గాని. బయటివాళ్ళు వేస్తే మీ అక్క తట్టుకోలేదు."

అది దయో, దెబ్బో బల్లికి అర్థం కాలేదు. పెద్దాయన మాటలు ఎప్పుడూ అంతే.

పోతూపోతూ పెద్దాయన ఒక చేతిగడియారం ఇచ్చాడు. అందులో కెమెరా ఉంది. మొదటి వారం బల్లి తీసిన ఫోటోలన్నిట్లోనూ అతని గడ్డమే పడింది.

అక్క ఒక్క మాటతో పని అయిపోయింది. "తమ్ముడు ఖాళీగా ఉన్నాడు, నువ్వు నీళ్ళు నములుతున్నావు," అంది మొగుడితో. మర్నాడే బల్లికి నూనె మరకల యూనిఫారం వచ్చింది.

షెడ్డు మధ్యలో గన్ ఉంది. దాని బారెల్ లారీకంటే పొడుగు. అంత బరువును మనుషులు ఎత్తలేరు. కింద రెండు ఉక్కు సిలిండర్లు, వాటిలో నూనె. పంపు నూనెను తోస్తే సిలిండర్లలోంచి నున్నటి రాడ్లు బయటికి వస్తాయి, బారెల్ నిదానంగా ఆకాశంలోకి లేస్తుంది. పక్కన సీటులో కూర్చున్న గురికాడు చిన్న చక్రం తిప్పుతూ దాన్ని కావలసిన ఎత్తులో ఆపుతాడు.

"ఎత్తడం ఏముందిరా, ఎవడైనా ఎత్తుతాడు," అన్నాడు బావ, సిలిండరు అడుగున పిడికిలంత ఇత్తడి ముక్కను తట్టి. "ఎత్తింది ఎత్తినట్టు నిలబెట్టేది ఇది. లాక్ వాల్వ్. పైకెళ్ళిన నూనెను వెనక్కి రానివ్వదు. ఇది గనక జారిందా, బారెల్ మూతి కిందికి వాలుతుంది. మూతి బెత్తెడు వాలితే గుండు ఎక్కడో పడుతుంది."

"ఎక్కడ పడుతుంది బావా?"

"నీకెందుకురా? కొలిచి నీ అత్తారింటి మీద వేస్తావా? పిల్లనిచ్చేవాడు దొరకనీ ముందు."

షెడ్డంతా నవ్వింది. బల్లీ నవ్వాడు. నవ్వుతూనే బావ వేళ్ళు ఆ వాల్వు మీద ఎంతసేపు ఆగాయో చూశాడు. కాస్త ఎక్కువసేపే ఆగాయి.

ఆ రోజు నుంచి బల్లికి తిన్నది ఒంటబట్టలేదు. బావ వాల్వు పని ఎవరిచేతా చేయించేవాడు కాదు. ఫోను మోగితే బయటికెళ్ళి మాట్లాడేవాడు. బల్లి వెనక్కి తిరిగితే చాలు, వీపు మీద బావ చూపు గుచ్చుకునేది. ఒకసారి పానా కోసం బావ పెట్టె తెరిస్తే, బావ చటుక్కున మూత వేసేశాడు.

"అడిగి తియ్యి," అన్నాడు. ఆ గొంతులో బావ లేడు, హెడ్ ఫిట్టర్ ఉన్నాడు.

సాయంత్రం అదే మనిషి ఇంట్లో అక్క పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ ముక్కు చీదుకునేవాడు. అక్క పకపకా నవ్వేది. ఆ నవ్వు వింటే బల్లికి దుఃఖం ముంచుకొచ్చేది. బేడీలు అతని సంచి అడుగున, తువ్వాలులో చుట్టి ఉన్నాయి.

గన్ ట్రయల్ ఫైరింగ్ దగ్గర పడింది. ఒకరోజు భోజనాల వేళ బావ షర్టు మార్చుకుని, వెనక గేటు గుండా బయటికి నడిచాడు. బల్లి దూరంగా వెంటపడ్డాడు. రైల్వే స్టేషను ఎదురుగా ఉన్న కాఫీ హోటలు. మూల టేబులు దగ్గర ఒకావిడ అప్పటికే కూర్చుని ఉంది. పచ్చ చీర, నల్ల కళ్ళజోడు, మోచేతి దాకా గ్లవ్స్. హోటలు మొత్తం ఆమెనే చూస్తోంది, ఆమె మాత్రం ఎవర్నీ చూడటం లేదు.

బల్లి ఆమెను గుర్తుపట్టాడు. డిఫెన్సు ఆఫీసులో ఇంటర్‌ప్రెటరు. కోడ్ నేమ్ నెమలి. అటు ముఠా దగ్గర జీతం తీసుకుంటూ, ఇటు డిపార్ట్‌మెంటుకు కబుర్లు మోసే డబుల్ ఏజెంటు.

బావ తన చేతిలోని అట్టపెట్టెను టేబులు కిందికి జార్చాడు. నెమలి అచ్చం అలాంటిదే ఇంకో పెట్టెను ఆయన వైపు జరిపింది. ఇద్దరూ కాఫీ ముట్టలేదు.

ఆ మధ్యాహ్నమే బావ షెడ్డులో అందర్నీ పంపించేసి, ఆ పెట్టెలోంచి ఇత్తడి వాల్వు తీసి సిలిండరుకు బిగించాడు. కిటికీ అవతల తొట్టి మీద నిలబడి బల్లి అంతా చూశాడు. ఈసారి గడియారం కెమెరాలో గడ్డం పడలేదు, బావ చేతులే పడ్డాయి. పడకపోతే బాగుండేదని అతనికి మొదటిసారి అనిపించింది.

గొడుగుల షాపులో ఫోటో చూసి పెద్దాయన తల కూడా ఊపలేదు.

"ట్రయల్ అయ్యేదాకా ఆయన్ని ముట్టుకోకు."

"సార్, వాల్వు మార్చేశాడు!"

"వాల్వు సంగతి మేం చూసుకున్నాం."

చూసుకున్నాం అనే మాటంటే బల్లికి ఒళ్ళు మంట. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, చూసినవాణ్ణి ఎవరు చూశారు? ఆ పూట నుంచి అతని అనుమానం పెద్దాయన మీదికీ పాకింది.

ట్రయల్ రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. కాంక్రీటు ప్లాట్‌ఫారం మీద గన్, దాని వెనక ట్రయల్ ఆఫీసు, ఎదురుగా బోడికొండ. గుండు కొండ మీదుగా ఎగిరి అవతలి మైదానంలో పడాలి. కొండ ఇవతలి వాలులో ఉన్న బంకరులో మంత్రులు, సైన్యాధికారులు, విదేశీ అతిథులు బైనాక్యులర్లతో కూర్చున్నారు. గుండు వాళ్ళ తలల మీదుగా వెళ్తుంది. మూతి కాస్త వాలితే వాళ్ళ తలల మీదికే వెళ్తుంది.

పంపు గుర్రుమంది. రాడ్లు మెరుస్తూ బయటికొచ్చాయి, బారెల్ లేచింది. గురికాడు చక్రం తిప్పి, చెయ్యి తీసి, "రెడీ!" అన్నాడు. బావ సిలిండరు పక్కనే నిలబడ్డాడు, మొహం ప్రశాంతంగా ఉంది. బంకరులోంచి వైర్లెస్‌లో ఎవరో పెద్దమనిషి ఉపన్యాసం మొదలుపెట్టాడు. అది అయ్యాకే ఫైరింగు.

బల్లి గ్రీజు డబ్బా పట్టుకుని చుట్టూ చూశాడు. ఆఫీసు నీడలో పచ్చ చీర కనిపించింది.

నెమలి! అతిథులకు మాటలు అనువదించాల్సిన మనిషి. బంకరులో మంత్రిగారి పక్కన ఉండాలి. తలనొప్పో, ఎండదెబ్బో చెప్పుకుని వెనక్కి వచ్చేసిందన్నమాట. అందరూ కొండవైపు చూస్తుంటే ఆమె గన్‌వైపు చూస్తోంది. కాదు, సిలిండరువైపు చూస్తోంది.

బల్లి చూపూ అటు తిరిగింది. అంతకుముందు బారెల్ మూతి, కొండ మీది కరెంటు స్తంభం కొనకు సమంగా ఉంది. ఇప్పుడు స్తంభం కొన పైకి కనిపిస్తోంది. స్తంభాలు పెరగవు. రాడ్డు మెడ దగ్గర ఒక నూనె బొట్టు కూడి, జారింది. రాడ్డు లోపలికి కుంగుతుంటేనే దాని మీది నూనె అలా కూడేది. బయటికి తెలియకుండా బారెల్ దిగుతోంది.

ఉపన్యాసం ముగిసింది. ఫైరింగ్ ఆఫీసరు ఎర్రజెండా ఎత్తాడు.

ఆపమని అరిస్తే వినపడేలా లేదు, ఉపన్యాసం కాగానే అందరూ చెవుల్లో దూది కుక్కుకున్నారు. మిగిలింది ఒక్కటే దారి. సిలిండరు అడుగున ఎమర్జెన్సీ డ్రెయిన్ ఉంది. అది తెరిస్తే నూనె మొత్తం బయటికి పోయి బారెల్ నేలకు దిగిపోతుంది. అంత కిందికి దిగితే ఫైరింగ్ సర్క్యూట్ దానంతటదే తెగిపోతుంది. బల్లి డబ్బా విసిరేసి డ్రెయిన్ మీదికి దూకాడు.

అతని చెయ్యి దాన్ని అందుకునేలోగా మెడ మీద ఉక్కులాంటి పట్టు పడింది.

"నువ్వా!" అన్నాడు బావ. "ముఠావాడు ఇంకొకడు లోపలే ఉన్నాడు, వాల్వు దగ్గరికి ఎవడు పరుగెత్తినా వదలొద్దన్నాడు పెద్దాయన. నువ్వు కాకూడదని రోజూ దణ్ణం పెట్టుకున్నాన్రా!"

బల్లికి ఊపిరాడటం లేదు. కళ్ళముందు చుక్కలు. కానీ విషయం మాత్రం తేటతెల్లమైంది. బావ కూడా పెద్దాయన మనిషే. ఇద్దర్నీ ఒకరి మీద ఒకర్ని ఉసిగొల్పాడు.

"బావా... ఆ పెట్టె ఇచ్చిందెవరు?"

"నెమలి. అమ్ముడుపోయినట్టు నటించి, ముఠా పంపిన చెడ్డ వాల్వు ఆమెకిచ్చాను, మంచిది తీసుకుని బిగించాను, మార్చినట్టు ముఠాకి కనిపించాలిగా. డిపార్ట్‌మెంటు ఆర్డరు."

"ఏది మంచిదో చెప్పిందెవరు?"

బావ పట్టు సడలింది.

"మూతి చూడు బావా! నన్ను తరవాత చంపుదువు గాని!"

బావ తలెత్తి చూశాడు. మూతి నిజంగానే వాలి ఉంది. తన చేతులతో తనే బిగించిన వాల్వు. ఆయన బల్లిని పక్కకు తోసి, డ్రెయిన్ హ్యాండిల్ రెండు చేతులతో పట్టి లాగేశాడు.

నూనె ఎగజిమ్మింది. బారెల్ పెద్ద నిట్టూర్పుతో కిందికి కూలింది. ఆఫీసరు జెండా దించాడు, ఫైరింగ్ బటన్ నొక్కారు. టక్కుమంది. అంతే. సర్క్యూట్ తెగిపోయింది.

నెమలి కారు వైపు పరుగెత్తింది. ఎత్తుమడమల చెప్పులు, కాంక్రీటు నిండా నూనె. మొదటి మలుపులోనే కాళ్ళు పైకి, తల కిందికి అయింది. బల్లి లేవబోయి జారి, జారుతూనే ఆమె దాకా వెళ్ళాడు. బావ కోసం ఆ పొద్దున నడుముకు దోపుకొచ్చిన బేడీలు ఆమె చేతులకు వేసి, అక్కడే నూనెలో కూర్చుండిపోయి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

పెద్దాయన వచ్చాడు. జరిగింది విన్నాడు. నెమలిని నమ్మింది తనేనని ఒప్పుకోవడానికి కాస్త సమయం పట్టింది.

"నువ్వు ఆయన్ని నిజంగా అనుమానించకపోతే, ఆయన అమ్ముడుపోయాడని ముఠా నమ్మేది కాదు," అన్నాడు చివరికి. "ఇద్దరూ బాగా చేశారు."

"మీ మీద ఎవర్ని పెట్టారు సార్?" అన్నాడు బల్లి.

పెద్దాయన కారెక్కాడు. ఎక్కేముందు డ్రైవరు మొహం ఒకసారి పరీక్షగా చూసుకున్నాడు.

ఆ సాయంత్రం అక్క గుమ్మంలోనే ఇద్దర్నీ ఆపేసింది. తల నుంచి కాలి దాకా నూనె.

"ఏంటీ అవతారాలు?"

"డ్రమ్ము ఒలికింది," అన్నాడు బావ.

"మెడ మీద ఆ వేళ్ళ గుర్తులేంట్రా?"

"జారి పడబోతుంటే బావ పట్టుకున్నాడక్కా."

ఇంతలోనే బల్లి బావని చూసిన చూపు అక్క కంటపడింది. అందులో ఇన్నాళ్ళ అనుమానం ఇంకా పూర్తిగా ఆరలేదు.

"అదేం చూపురా?" కసిరింది అక్క. "వచ్చినప్పట్నుంచీ చూస్తున్నా, మీ బావని దొంగని చూసినట్టు చూస్తున్నావు. నన్నడిగితే చెప్పేదాన్నిగా! ఇన్నేళ్ళు కాపురం చేశాను. ఆయనకి అబద్ధం ఆడటం చేతకాదురా. ఒక్కటంటే ఒక్కటి నా దగ్గర దాచలేడు."

బావ తల వంచుకుని చెప్పులు విప్పుకోవడంలో మునిగిపోయాడు. 

"నిజమే అక్కా," అన్నాడు బల్లి. ఆ మిషన్ మొత్తంలో అతను సరిగ్గా కాపాడిన రహస్యం అదొక్కటే.