ఆకు ముక్కకు ఐదు నెలలు

పళ్ళ డాక్టరమ్మ క్లినిక్‌కి రంగులు వేయడానికి వచ్చిన పెయింటరు మొదటి రోజే ఘనకార్యం చేశాడు. బ్రష్షులు కడిగిన థిన్నరు పారబోయడానికి ఇంకెక్కడా చోటు లేనట్టు రిసెప్షన్ బల్ల పక్కనున్న కుండీలో పోశాడు. నాలుగో రోజుకి అందులోని స్నేక్ ప్లాంటు మొదలు కుళ్ళి ఓ పక్కకి ఒరిగింది.

రిసెప్షనిస్టు అరవలేదు. అరిచినా బాగుండేది.

"అది మా అమ్మ పెంచిన మొక్క. అమ్మ పోయి రెండేళ్ళు," అంది.

నిచ్చెన మీదున్న మనిషి నిచ్చెన మీదే ఉండిపోయాడు.

కుళ్ళని ఆకు ఒక్కటే మిగిలింది. పొడుగాటి ఆకు, రెండు పక్కలా పసుపు అంచు. ఎలాగైనా బతికిస్తానని మాటిచ్చి పట్టుకుపోయాడు. మాటివ్వడానికేం, ఎవడైనా ఇస్తాడు. ఇతగాడు నర్సరీవాణ్ణి విసిగించి మరీ పని నేర్చుకున్నాడు. ఆకుని బెత్తెడు ముక్కలుగా కోసి, రెండు రోజులు ఆరబెట్టి, ఇసక కలిపిన మట్టిలో గుచ్చాడు. వాటిలో రెండు తలకిందులుగా గుచ్చాడు. అవి వేరు పట్టక కుళ్ళిపోయాయి. ఇంకో రెండు, ప్రేమ ఎక్కువై రోజూ నీళ్ళు పోస్తే చచ్చాయి. మిగిలింది ఒక్క ముక్క.

ప్రతి శనివారం క్లినిక్‌కి వచ్చి దాని క్షేమం చెప్పేవాడు. చెప్పడానికేముంది? పోయిన వారం ఎలా ఉందో ఈ వారమూ అలాగే ఉంది. ఆ సంగతే అరగంట చెప్పేవాడు. పేషెంటు ఎలా ఉన్నాడని ఆమె ఏడిపించేది. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకులా బిగుసుకుని కూర్చున్నాడని ఇతను చెప్పేవాడు. పన్ను నొప్పితో వచ్చినవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

ఐదో నెలలో పిలక వచ్చింది. కుండీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె మొహం వెలిగి, వెంటనే ముడుచుకుపోయింది. పిలకంతా ఉత్త ఆకుపచ్చ. పసుపు అంచు లేదు.

"ఇది మా అమ్మ మొక్క కాదు. ఎక్కడో కొనుక్కొచ్చారు. ఇన్నాళ్ళూ నాకు కబుర్లు చెప్పారు."

అంచు ఎందుకు రాలేదో అతనికీ తెలీదు. బల్ల మీద పేపరు పరిచి కుండీ బోర్లించాడు. మట్టి దులిపితే, పసుపు అంచున్న పాత ముక్క బయటపడింది. దాని అడుగు నుంచి తెల్లటి దుంప, ఆ దుంప కొసన పిలక. ఒకే ప్రాణం.

ఆమె ఫోన్‌లో వెతికింది. అంచున్న మొక్కని ఆకు ముక్కతో పెంచితే అంచు రాదట. దుంప విడదీసి నాటితేనే వస్తుందట. చదివి, చాలాసేపు పిలకని నిమిరింది.

"అంచున్నదే షాపులో కొనిచ్చుంటే ఒక్క రోజులో అయిపోయేది కదా. నాకు తెలిసేది కూడా కాదు."

"అయిపోయేదండీ. అందుకే కొనలేదు."

ఆమె మట్టిని కుండీలోకి ఎత్తుతూ తల వంచుకునే అంది, "వచ్చే శనివారం రావద్దు."

అతని మొహం పాలిపోయింది.

"ఆదివారం ఇంటికి రండి. మా నాన్న ఉంటాడు."