కస్టమర్లకు మాత్రమే

ఉదయం ఆరున్నరకి కాఫీ షాపు షట్టరు సగం పైకి లేచింది. మొదటి విడత బన్నులు ఓవెన్‌లోంచి బయటికొచ్చాయి. కోడలు కాఫీ మిషను ఆన్ చేసి కప్పులు తుడుస్తోంది. పెద్దావిడ బకెట్టు, బ్రష్షు పట్టుకుని వెనకవైపు టాయిలెట్టు కడగడానికి వెళ్లింది. ఆ పని ఆవిడకి ఎవరూ అప్పజెప్పలేదు. ఆరేళ్ల కిందట షాపు తెరిచిన రోజున, "అది నేను చూసుకుంటాలే" అంది. మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజు తలుపు దగ్గర కొడుకు డ్రిల్లు పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"కాస్త ఆగమ్మా. తాళం బిగిస్తున్నాను."

"టాయిలెట్టుకి తాళం ఏమిట్రా?"

"నంబర్ల తాళం. కాఫీ కొన్నవాళ్లకి బిల్లు మీద నంబరు వస్తుంది. మిగతావాళ్లకి రాదు. ఇంక దారినపోయే ప్రతివాడూ లోపలికి దూరడు."

అతని కోపానికి కారణం లేకపోలేదు. పోయిన మంగళవారం ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి లోపలికి వెళ్లి, టాయిలెట్టు పేపరు చుట్ట మొత్తం కమోడ్‌లో కుక్కేసి చక్కా పోయాడు. నీళ్లు పొంగి స్టోరు గదిలోకి పారాయి. రెండు బస్తాల మైదా ముద్దయిపోయింది. పెద్దావిడ రెండు గంటలు నడుము వంచి నీళ్లెత్తి, మర్నాడు మంచం దిగలేదు.

"మరీ తాళమెందుకండీ, అడిగినవాళ్లని చూసి పంపిద్దాం" అంది కోడలు.

"మొహం చూసి మంచివాడో కాదో చెప్పడానికి నేనేమైనా జ్యోతిష్కుణ్ణా? అందరికీ తెరిస్తే ఇది కాఫీ షాపా, బస్టాండా?"

తలుపు మీద బోర్డు కూడా తగిలించాడు. 'టాయిలెట్టు కస్టమర్లకు మాత్రమే.' పెద్దావిడ దాన్ని ఒకసారి చూసి, బకెట్టు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

షాపుకి ఎదురుగానే పన్నెండో నంబరు బస్సు ఆఖరి స్టాపు. పదకొండింటికి ఆ బస్సు నడిపే ఆమె యూనిఫాంలో పరుగులాంటి నడకతో వచ్చింది.

"అన్నా, టాయిలెట్టు ఒక్క నిమిషం. బస్సు తిప్పడానికి ఐదు నిమిషాలే టైముంది."

"కస్టమర్లకేనమ్మా. ఒక కాఫీ తీసుకోండి, నంబరు వస్తుంది."

"కాఫీ తాగితే గంటకి మళ్లీ ఇదే పాట్లు కదన్నా. డ్యూటీలో నేను మంచినీళ్లే ముట్టను. పర్సు కూడా బస్సులోనే ఉంది."

"ఒకరికి తెరిస్తే అందరికీ తెరవాలి. ఏమనుకోకండి."

కోడలు నంబరు చెప్పబోయేలోగానే ఆమె వెనుదిరిగింది. ఏమీ అనుకోలేదేమో, లేకపోతే అనుకోవడానికి టైము లేదేమో. రెండు నిమిషాల తర్వాత బస్సు నిండుగా జనంతో కదిలిపోయింది.

వంటగది గుమ్మంలో బన్నుల ట్రే పట్టుకుని నిలబడ్డ పెద్దావిడని అప్పుడు చూసింది కోడలు. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. ట్రే బల్లమీద పెట్టి, ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించి, మెట్లెక్కి మూడో అంతస్తులోని ఇంటికి వెళ్లిపోయింది. పని వేళలో ఆవిడ అలా వెళ్లిపోవడం ఆరేళ్లలో అదే మొదటిసారి.

మధ్యాహ్నం ఆడపడుచు ఫోన్ చేసింది. ఊరికి ఆ చివర ఉంటుంది. బస్సులో గంటన్నర దారి.

"వదినా, ఆదివారం పాప పుట్టినరోజు. ఏడాది నిండుతోంది. అమ్మ వస్తుందా రాదా? అవునో కాదో చెప్పమను, చాలు."

"మోకాళ్లు నొప్పంటున్నారమ్మా…"

"మోకాళ్లా! రోజుకి నాలుగుసార్లు మూడంతస్తులు ఎక్కి దిగే మోకాళ్లు మా ఇంటికి రావాలంటేనే నొప్పెడతాయా? పాప పుట్టినప్పుడు ఆస్పత్రిలో చూసింది, అంతే. కొత్తింటికి మారాక ఒక్కసారి గడప తొక్కలేదు. మూడో నెలలో వస్తానని చెప్పింది. నేను పొద్దున్నించీ వండుకుని కూర్చుంటే సాయంత్రం జ్వరమని ఫోన్ చేసింది. ఆవిడకి కొడుకు ఇల్లొకటే ఇల్లు. ఈసారి రాకపోతే నేనింక పిలవను వదినా. నిజంగా పిలవను."

కోడలు ఏదో అనేలోగా ఆడపడుచు ఫోన్ పెట్టేసింది.

మూడింటికి షాపు ఖాళీగా ఉంటుంది. పెద్దావిడ కిందికి వచ్చి, రేపటి పిండి కొలవడం మొదలుపెట్టింది. కోడలు ఫోన్ సంగతి చెప్పింది.

"మోకాళ్ల నొప్పని చెప్పలేకపోయావా?"

"చెప్పాను అత్తయ్యా. నమ్మలేదు. నేనూ నమ్మట్లేదు."

కొడుకు లెక్కల కాగితం పక్కకు పెట్టాడు. "అసలు దానితో నీకేం గొడవమ్మా? టాక్సీలో తీసుకెళ్తానంటే వద్దంటావు. దాన్నే రమ్మంటే అది అలిగి రాదు. మీ ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను."

"గొడవేం లేదు."

"మరి ఎందుకు వెళ్లవు?"

పెద్దావిడ పిండి కొలుస్తూనే ఉంది. కోడలికి పొద్దుటినుంచి మనసులో ఏదో మెదులుతోంది. ఈ ఏడాదిలో అత్తయ్య ఎక్కడికి వెళ్లింది? కూరగాయలకి పక్క వీధి. మందులకి ఎదురుగా ఉన్న షాపు. పార్కులో స్నేహితురాళ్ల దగ్గరికి వెళ్లడం ఎప్పుడో మానేసింది. పక్కింటివాళ్ల పెళ్లికి కూడా వెళ్లలేదు.

"అత్తయ్యా, పొద్దున ఆ డ్రైవరుని చూసి ఎందుకు పైకి వెళ్లిపోయారు?"

కొలత గిన్నె ఆగిపోయింది.

"ఓహో, తాళం గురించా?" అన్నాడు కొడుకు. "నీకోసమే కదమ్మా పెట్టాను. ఆ రోజు నువ్వు నడుము పట్టుకుని లేవలేకపోతే నాకెలా ఉంటుంది? ఎవడో చేసిన మురికి మా అమ్మ కడగాలా?"

"నాకోసమా? నాకోసమైతే ఇప్పుడే పీకెయ్."

ఆ గొంతులో కాఠిన్యం ఇద్దరికీ కొత్త. పెద్దావిడ చేతులకంటిన పిండి దులుపుకుని కుర్చీలో కూర్చుంది.

"మూడో నెలలో నాకు జ్వరం రాలేదు. దాని ఇంటికే బయల్దేరాను. పాపకి గౌను కొన్నాను. సగం దారిలో బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఈ మధ్య ఆపుకోవడం నావల్ల కావట్లేదు. ఎప్పుడు వస్తుందో తెలియదు, వస్తే ఆగదు. బస్సు దిగేశాను. మొదటి షాపులో టాయిలెట్టు పని చెయ్యట్లేదన్నారు. రెండోది ఇలాంటి కాఫీ షాపే. కస్టమర్లకే అన్నాడు ఆ అబ్బాయి. కొంటానయ్యా, ముందు తాళంచెవి ఇవ్వు అన్నాను. లైన్లో రండి పెద్దమ్మా అన్నాడు. నా ముందు ఆరుగురున్నారు. ముగ్గురి దాకా ఆగగలిగాను."

కొడుకు తల పైకెత్తాడు.

"లైన్లోనే అయిపోయింది. అందరూ చూశారు. ఎవరూ ఏమీ అనలేదు, మంచివాళ్లే. ఆ అబ్బాయి పరిగెత్తుకొచ్చి, నేల తడిగా ఉందని పసుపురంగు బోర్డు ఉంటుందే, అది తెచ్చి నా కాళ్ల పక్కన పెట్టాడు. ఎవరూ జారిపడకూడదు కదా మరి. గౌను తీసి సంచిలో పెట్టుకుని, దాని ప్లాస్టిక్ కవరు సీటు మీద పరుచుకుని, టాక్సీలో ఇంటికొచ్చాను. మీరిద్దరూ షాపులో ఉన్నారు. వెనకదారిన పైకి వెళ్లి స్నానం చేశాను."

"అమ్మా…"

"ఆ అబ్బాయి తప్పేం లేదురా. అచ్చం నీలాంటివాడు. పద్ధతి ప్రకారం చేశాడు."

మిషనులోంచి ఆవిరి సన్నగా కూస్తోంది. కోడలు వెళ్లి దాన్ని ఆపింది. వెనక్కి వచ్చి అత్తగారి కుర్చీ పక్కన నేలమీదే కూర్చుంది.

కొడుకు కుర్చీ తల్లి వైపు జరుపుకున్నాడు. "కానీ కడిగేది నువ్వు కదమ్మా. అందరికీ తెరిస్తే నీకే కదా కష్టం."

"కష్టమే. ఎవరు కాదన్నారు? ఒక్కోరోజు కడుపులో తిప్పుతుంది కూడా. కానీ నా నడుము పేరు చెప్పి నీ తలుపు మూసుకోకు. నా నడుము మీద అంత ప్రేముంటే బ్రష్షు నువ్వు పట్టుకో. ఆరేళ్లయింది, ఒక్కరోజైనా పట్టుకున్నావా?"

అతను లేచి స్క్రూడ్రైవరు తెచ్చుకున్నాడు. తాళం బిగించడానికి అరగంట పట్టింది, విప్పడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. అది విప్పుతున్నంతసేపూ అతని భుజాలు అదురుతూనే ఉన్నాయి. కోడలు చూసి కూడా చూడనట్టే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున పెద్దావిడ కిందికి దిగేసరికి బకెట్టు కనబడలేదు. కొడుకు ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని లోపల తోముతున్నాడు.

"ఆ మందు అంత పోస్తే కళ్లు మండి చస్తావు. సగం చాలు. మూలలు వదిలేశావేం?"

"చేస్తున్నానుగా!"

"చేస్తున్నావులే. కొత్త పెళ్లికొడుకు అన్నం వండినట్టుంది."

బోర్డు మీద కొత్త కాగితం అతికించింది కోడలు. 'టాయిలెట్టు ఎవరైనా వాడుకోవచ్చు. శుభ్రంగా ఉంచండి. కడిగేది మేమే.' పదకొండింటికి వీధి దాటి బస్సు దగ్గరికి వెళ్లి డ్రైవరుతో ఆ మాట చెప్పింది.

"ఏమీ కొనక్కర్లేదా?"

"అక్కర్లేదు. మంచినీళ్లు కూడా తాగి వెళ్లండి."

ఆమె స్టీరింగు వదిలేసి కిందికి దూకినంత పని చేసింది.

అక్కడితో కోడలికి తృప్తి కలగలేదు. తమ ఒక్క తలుపు తెరిస్తే అత్తయ్య గంటన్నర దారి ఎలా వెళ్తుంది? బుధవారం షాపు భర్తకి అప్పగించి, ఆడపడుచు ఇంటివైపు వెళ్లే పన్నెండో నంబరు బస్సెక్కింది. ప్రతి రెండు స్టాపులకీ దిగింది. కనిపించిన ప్రతి షాపులోకీ వెళ్లి ఒకటే మాట అడిగింది. "మా అత్తగారు ఆదివారం ఈ దారిన వెళ్తారు. ఏమీ కొనకపోవచ్చు. అవసరమైతే మీ టాయిలెట్టు వాడుకోనిస్తారా?"

మందుల షాపాయన కుదరదన్నాడు. ఒక కాఫీ షాపులో మేనేజరుని అడగాలన్నారు, మేనేజరు ఓనరుని అడగాలన్నాడు. బట్టల షాపులో ఒకామె కిందినుంచి పైదాకా చూసి మొహం తిప్పుకుంది. కోడలికి చెంపలు మండాయి. అడగడానికే ఇంత సిగ్గుగా ఉంటే, అవసరం తన్నుకొస్తున్నప్పుడు అడిగినావిడకి ఎలా ఉండుంటుంది? ఇంకో షాపు మెట్లెక్కింది.

లైబ్రరీలో గుమాస్తా నవ్వి, "మాది అందరిదీ కదమ్మా" అన్నాడు. చివరికి ఒక బార్బరు షాపాయన కత్తెర ఆపి ఆలోచించాడు. "ఉందమ్మా. కానీ గొళ్లెం ఊడిపోయింది. పెద్దావిడ లోపలున్నంతసేపూ నేనే తలుపు బయట కాపలా ఉంటాను, సరేనా? ఆదివారం లోపు కొత్తది వేయిస్తాలే."

సాయంత్రానికి నాలుగు చోట్ల ఒప్పుకున్నారు. ఆ నాలుగూ ఒక కాగితం మీద స్టాపుల వరసలో పెద్ద అక్షరాలతో రాసి అత్తగారి చేతికిచ్చింది.

పెద్దావిడ చాలాసేపు చదివింది. "ఇంతమందికి నా గురించి చెప్పావా?"

"మీ గురించే కాదు. ఒప్పుకున్న ప్రతిచోటా, 'మా అమ్మకీ అలాగే ఉంది' అని ఎవరో ఒకరు అన్నారు అత్తయ్యా. ఇది మీ ఒక్కరి బాధ కాదు."

ఆదివారం బయల్దేరేముందు పెద్దావిడ గ్లాసు నిండా మంచినీళ్లు తాగింది. కోడలు కంగారుపడితే, "ఏడాదిగా ఎండిపోయి బతికాను. ఇంక చాలు" అంది. కొడుకు టాక్సీ పిలుస్తానన్నాడు. "ఆ రోజు బస్సు దిగిపోయిన చోటు మీదుగానే వెళ్లాలి నేను" అని వినలేదు. షాపు మూసి ముగ్గురూ బస్సెక్కారు. లైబ్రరీ దగ్గర ఒకసారి, బార్బరు షాపు దగ్గర ఒకసారి దిగారు. కొత్త గొళ్లెం తళతళలాడుతోంది. అయినా బార్బరు మాటిచ్చాడు కాబట్టి తలుపు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గంటన్నర దారికి రెండున్నర గంటలు పట్టింది.

తలుపు కూతురే తీసింది. చంకలో పాప. తల్లిని చూసి ఒక్క క్షణం కళ్లు మెరిశాయి, వెంటనే మొహం బిగిసింది.

"దారి గుర్తొచ్చిందన్నమాట. మోకాళ్లెలా ఉన్నాయి?"

కోడలు సర్దిచెప్పబోయింది. పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఈ మాట తానే చెప్పాలి. గుమ్మంలోనే, చెప్పులైనా విప్పకుండా చెప్పింది. ట్రాఫిక్, లైను, ముందున్న ఆరుగురు, పసుపు బోర్డు. ఏదీ దాచలేదు.

కూతురు పాపని అన్నయ్య చేతికిచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేనేమో… నీకు నేనక్కర్లేదనుకున్నానమ్మా. ఏడాది పొడుగునా అదే అనుకున్నాను. ఫోన్‌లో ఎన్ని మాటలన్నాను!"

"నీకు తెలియదు కదే."

"చెప్పొచ్చు కదా! చిన్నప్పుడు నేను నీ ఒళ్లో ఎన్నిసార్లు తడిపానమ్మా? ఒక్కరోజైనా నన్ను దించేశావా? నా దగ్గర నీకు సిగ్గేమిటి?" కూతురు తల్లిని గట్టిగా పట్టుకుని ఏడ్చింది. పెద్దావిడా ఏడ్చింది. వెనక మెట్ల మీద నిలబడ్డ కొడుకు పాప భుజంలో మొహం దాచుకున్నాడు.

కాసేపటికి పెద్దావిడే తేరుకుని, కూతురి చేతులు మెల్లగా విడిపించుకుంది.

"సరే, మిగతా ఏడుపు లోపల కూర్చుని ఏడుద్దాం. ముందు మీ బాత్రూం ఎటో చూపించు తల్లీ, తొందరగా!"

కూతురు కన్నీళ్లతోనే పగలబడి నవ్వి, తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి పరుగెత్తించింది.