మూడో ప్లగ్

మధ్యాహ్నం 2:17కి ఆక్సిజన్ మెషిన్ ఆగింది.

2:50కి భోజనం ముగించుకుని తిరిగొచ్చిన నర్సు, మంచం మీద పెద్దాయన శవాన్ని చూసింది.

మాట వింటే చాలు, లైట్లు, ఫ్యాన్లు వాటంతటవే పనిచేసే ఇల్లు అది. మెషిన్ ఆపమన్నది ఎవరో యాప్‌లో స్పష్టంగా ఉంది. పెద్దాయన గొంతే.

ఇన్‌స్పెక్టర్ రికార్డింగ్ నొక్కాడు.

"మూడో ప్లగ్ ఆపు."

మూడో ప్లగ్‌కి ఉన్నది ఆక్సిజన్ మెషిన్.

"ఆత్మహత్యే సార్," అన్నాడు అల్లుడు. "నిన్న మా ఆవిడ కాస్త నోరు జారింది."

కూతురు గోడకి జారగిలబడింది. "ఇంకెన్నాళ్లు నాన్నా నాకీ చాకిరీ, అన్నాను సార్. మనసులో పెట్టుకున్నారు. నేనే చంపుకున్నాను."

ఆమె టీచర్. 2:17కి క్లాసులో ఉంది.

ఇన్‌స్పెక్టర్ రికార్డింగ్ మళ్లీ విన్నాడు. మరోసారి విన్నాడు. నర్సు వైపు తిరిగాడు.

"ఆ మెషిన్ చప్పుడు చేస్తుందా?"

"చేస్తుందా ఏంటి సార్! పిండిమర పక్కన కాపురం చేసినట్టే. ఆయన ఏదన్నా అంటే నోటి దగ్గర చెవి పెట్టాలి."

"2:17కి మెషిన్ నడుస్తోంది. మరి ఇందులో ఆ మోత ఏది?"

ఇన్‌స్పెక్టర్ హాల్లో ఉన్న, మాటలు వినే స్పీకర్ వైపు చూశాడు.

"ఈ మాట ఆ గదిలో అన్నది కాదు. గది తలుపు మూసి, హాల్లో స్పీకర్ ముందు ఫోన్లోంచి వినిపించినది. ఆయన గొంతు సిస్టమ్‌లో రిజిస్టర్ చేసిందెవరు?"

"మా ఆయనే," అంది కూతురు. "ఏడాది కిందట. అప్పటికి నాన్న బాగానే ఉన్నారు. ఒకటో ప్లగ్ ఆపు, రెండో ప్లగ్ ఆపు అంటూ వరసగా చెప్పించి, ఫోన్లో..."

ఆమె భర్త వైపు తిరిగింది.

"నేను మేడ మీద ఆన్‌లైన్ మీటింగ్‌లో ఉన్నాను!" అల్లుడి చెయ్యి జేబు మీదికి పోయింది.

"మీటింగ్ అయిపోయింది అల్లుడుగారూ. ఫోన్ ఇలా ఇవ్వండి."

డిలీట్ చేసిన ఫైళ్లలో పెద్దాయన గొంతు దొరికింది. చివరిసారి తెరిచింది 2:16కి.

అల్లుడు భార్య వంక చూడలేదు. "నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చి మూడు నెలలైంది. రమ్మంటే, నాన్న ఉన్నన్నాళ్లు కదలనన్నావు."

కానిస్టేబుళ్లు అల్లుణ్ణి జీపెక్కించారు. జీపు వెళ్లిపోయాక ఆమె ఇన్‌స్పెక్టర్ని అడిగింది.

"అయితే నాన్న... నా మాటకి కాదుగా సార్?"

"కాదమ్మా. ఇవాళ ఆయన ఏ మాటా అనలేదు."

కళ్లు తుడుచుకుంది. "అది ఒక్కసారి వినిపిస్తారా?"

ఇన్‌స్పెక్టర్ తటపటాయించాడు. నొక్కాడు.

"మూడో ప్లగ్ ఆపు."

"ఆయాసం లేదు," అంది ఆమె. "ఏడాదైంది, నాన్న ఇలా మాట్లాడి. ఇంకోసారి పెట్టండి సార్."