ఎర్రమట్టి రోడ్డు మీద నా చుక్క

అమెరికాలో ఓక్లహోమా పడమటి గడ్డ మీద టోర్నడో సుడిగాలిని నాకన్నా దగ్గరగా చూసినవాడు ఇంకా పుట్టలేదు. పుట్టి ఉంటే ఈపాటికి పోయి ఉంటాడు.

సరే, కోతలు చాలు. మబ్బుని చదివేది మా అక్క డార్లా. మా పికప్ ట్రక్కు నడిపేదీ ఆవిడే. నేను పక్క సీట్లో కాళ్ళు చాపుకుని, ఫోన్ చూస్తూ, వేరుశెనగలు నములుతూ ఉంటాను.

ఆ మే సాయంత్రం తారురోడ్డు పక్కన గోధుమచేల అంచున ఆగాం. వాయవ్యాన మబ్బు గోడకట్టినట్టు కిందికి దిగుతోంది. మా దగ్గరి గాలంతా దానికేసే పోతోంది. పోయింది పోయినట్టే, తిరిగి రావడం లేదు.

టోర్నడోల్ని చూడ్డానికి తుఫాను వెంట తిరిగే మాకందరికీ ఫోన్లో ఒక మ్యాపు ఉంది. ఎవరు ఎక్కడున్నారో అందులో చుక్కలుగా కనిపిస్తారు. సిగ్నల్ లేనిచోట చుక్కని చేత్తో పెట్టుకోవచ్చు. ఎవరికైనా ఏమైనా అయితే వెతుక్కుంటూ వెళ్ళేది ఆ చుక్క దగ్గరికే. అందుకే చుక్కతో ఎవరూ అబద్ధమాడరు.

హాలిస్ బాబాయ్ తన వ్యానులో నా చుక్క పట్టుకునే తిరుగుతాడు. కళ్ళకి శుక్లాలొచ్చాక ఆయనకి వాన ఎక్కడుందో చూపే రాడార్ రంగులన్నీ కలిసిపోతున్నాయి. "నేను నీ తోకనిరా కోతీ," అంటాడు.

ఆ రోజు తోకని కాస్త మెలిపెడదామనిపించింది. మాకు ఉత్తరాన ఎర్రమట్టి రోడ్డు ఒకటుంది. నాలుగు చినుకులు పడితే అది రోడ్డు కాదు, వెన్నముద్ద. నా చుక్కని తీసుకెళ్ళి దాని మధ్యలో పెట్టాను. బాబాయ్ వ్యాను బురదలో దిగబడుతుంది, మేం తాడు కట్టి లాగుతాం, ఏడాదిపాటు ఏడిపిస్తాను. అంతే. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

"కుడికి తిరిగింది," అంది అక్క.

మబ్బు దారి మార్చింది. ఇప్పుడు దాని ఎదురుగా ఉన్నది ఆ మట్టిరోడ్డే.

పొద్దు గూకకముందే చీకటి పడింది. పచ్చటి చీకటి. చిదిమిన గోధుమ పైరు వాసన, తడిమట్టి వాసన. మొదటి వడగల్లు పికప్ టాపు మీద ఠంగుమంది.

బండి నుంచి బండికి మాట్లాడుకునే రేడియో గరగరలాడింది.

"ఒరేయ్ టక్కర్, ఆ బ్రేకు లైట్లు ఆర్పరా. కళ్ళు పోతున్నాయి."

"ఏ లైట్లు బాబాయ్?"

"నీ బండివేరా. నీ వెనకే ఉన్నాగా."

అక్క అద్దంలో వెనక్కి చూసింది. వెనక ఎవరూ లేరు. తరవాత నాకేసి చూసింది.

"చుక్క ఎక్కడ పెట్టావురా?" గుసగుసగా అడిగింది.

నేను రేడియో లాక్కున్నాను. "బాబాయ్, అక్కడున్నది మేం కాదు! మేం తారురోడ్డు మీదున్నాం. ఆ చుక్క..." అక్క వైపు చూడకుండా అన్నాను. "...ఫోన్ తప్పు చూపిస్తోంది. వెంటనే దక్షిణానికి తిప్పు!"

"మళ్ళీ మొదలెట్టావా కోతివేషాలు? నీ టోపీ కూడా కనిపిస్తుంటే!"

"బాబాయ్, ఒట్టు!"

"సర్లే, సర్లే... అదిగో, కదిలావుగా. పద, వస్తున్నా."

తరవాత రేడియోలో మాట లేదు. వడగళ్ళ చప్పుడు... దాని కింద ఇంకో చప్పుడు. గూడ్సు బండి ఆగకుండా పోతున్నట్టు. వాన తెర వెనక ఏదో నల్లగా, లావుగా... మట్టిరోడ్డుని దాటింది. నేను దేవుణ్ణి పిలిచాను. అక్క స్టీరింగ్ మీద తల ఆనించింది.

వాన తగ్గాక హాలిస్ బాబాయ్ వ్యాను మట్టి ముద్దలా తారురోడ్డెక్కింది. ఆయన దిగి, నన్ను ఎముకలు విరిగేలా కౌగిలించుకున్నాడు.

"నువ్వు ముందు నడవకపోతే ఈపాటికి నేను లేనురా. అంత బురదలో నీ బండి ఒక్కసారైనా జారలేదు. నీ టైర్లెంబడే వచ్చేశా." కాస్త ఆగి అడిగాడు. "అది సరే గానీ, అన్ని రాళ్ళు పడుతుంటే అద్దం దించి, తల బయటపెట్టి, అలా నవ్వుతూ కూర్చున్నావేంట్రా?"

అక్క నావైపే చూస్తోంది. నిజం చెప్పడానికి అదే సమయం. చెబితే, ఆయన్ని ఆ రోడ్డు మీదికి పంపింది నేనేనని కూడా చెప్పాలి.

"నిన్ను తీసుకురావాలి కదా బాబాయ్," అన్నాను.

ఆ రాత్రి హోటల్లో ఆయన అందరికీ నా సాహసం చెప్పి, నాకు పిండి అద్ది వేయించిన మాంసం, దాని మీద తెల్ల గ్రేవీ తినిపించాడు. తిన్నాను. ఆఖర్న పీకాన్ పప్పుల మిఠాయి కూడా అడిగాను. అక్క నీళ్ళు కూడా ముట్టలేదు.

మర్నాడు ఇద్దరం ఆ మట్టిరోడ్డు దాకా వెళ్ళాం. ఆరిన బురదలో టైర్ల గుర్తులు చక్కగా అచ్చు పడ్డాయి. ఒక్క బండివే. బాబాయ్ వ్యానువి.

ఆ రోజే మ్యాపులోంచి నా పేరు, నా చుక్క తీసేశాను. తుఫానుల వెంట పడడం మానేశాను. చదువుకోవాలని అందరికీ చెప్పాను.

నిన్న సాయంత్రం మళ్ళీ టోర్నడో హెచ్చరిక సైరన్ మోగింది. వెంటనే ఫోన్ వచ్చింది.

"దొంగా! మానేశానన్నావు, నాకన్నా ముందే వచ్చేశావే!" హాలిస్ బాబాయ్. వెనక వడగళ్ళ మోత. "మ్యాపులో నీ చుక్క చూడగానే గుర్తుపట్టాలే. నీ వెనకే ఉన్నా."

"బాబాయ్... అది నేను కాదు. ఆ రోజు కూడా నేను కాదు."

"ఏరా, నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావుగా?" నవ్వాడు. "అదిగో, చెయ్యి ఊపుతున్నావు. ఉత్తరానికా? అటు మరీ నల్లగా ఉందిరా."

"వెళ్ళకు! దాని వెనక వెళ్ళకు!"

"ఇంతకీ అది నువ్వు కాకపోతే, నువ్వెక్కడున్నావురా?"

నిజం ఒక్క ముక్క చెబితే చాలు, నమ్మేవాడు. కానీ ఆ ఉరుములకి నేను మా ఇంటి స్నానాల తొట్టిలో దూరి, నెత్తిన పరుపు కప్పుకుని, మోకాళ్ళు పట్టుకుని వణుకుతున్నాను. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది.

"రోడ్డు మీదే బాబాయ్," అన్నాను.